వానొస్తే వెండి

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలియవని మన పెద్దవాళ్ళు ఏనాడో తేల్చేశారు. సెల్‌ఫోన్లు వచ్చాక వాన రాకడ మాత్రం గంటగంటకీ చెప్పేస్తున్నారు గానీ, ఆ ధీమా మీద గుమ్మడి వడియాలు పెట్టిన ఇల్లాలినెవరినైనా అడిగి చూడండి! పొద్దున్న ఫోనులో సూర్యుడు నవ్వుతూనే ఉంటాడు. డాబా మీద పాత చీర పరిచి, ఆఖరి వడియం పెట్టి నడుం నిలబెట్టేసరికి ఈశాన్యం మూల నల్లగా ఓ మబ్బు. ఇంక చూస్కోండి. స్టవ్వు మీది పప్పు ఒకరికి అప్పజెప్పి, తీగ మీది బట్టలు ఇంకొకరికి అప్పజెప్పి మనం డాబా మీదికి పరుగెత్తాలి. ఒక్క మబ్బుకి ఇంటి టైంటేబులంతా తలకిందులు. దాన్ని మళ్ళీ సర్దే పని ఎవరిదో వేరే చెప్పాలా?

గోల్ఫు ఆటలోనూ అచ్చం ఇదే బాధ అంటే నవ్వకండి. మన సినిమాల్లో హీరోయిన్ తండ్రి కోటీశ్వరుడని చూపించడానికి ఆయన నెత్తిన టోపీ పెట్టి, చేతికో కర్రిచ్చి, పచ్చగడ్డిలో నిలబెడతారే, ఆ ఆటే. అంతకు మించి నాకూ తెలిసేది కాదు. 2021లో, ఆ కరోనా రోజుల్లో, మా అమ్మాయి కొడుకు నాలుగు నెలలపాటు మా దగ్గరే ఉండిపోయాడు. వాడికేమో ఆన్‌లైన్లో తొమ్మిదో క్లాసు పాఠాలు, మాకేమో వాడి నోట ఆటల పాఠాలు.

గోల్ఫులో పద్ధెనిమిది గుంతలు. కర్రతో బంతిని కొట్టుకుంటూ వెళ్ళి ఒక్కో గుంతలో పడెయ్యాలి. పద్ధెనిమిదీ అయితే ఒక రౌండు. పెద్ద పోటీలైతే రోజుకో రౌండు చొప్పున నాలుగు రోజులు. గురువారం మొదలుపెట్టి ఆదివారానికి ముగిస్తారు. ఎవరు తక్కువ దెబ్బల్లో పూర్తి చేస్తే వాళ్ళు నెగ్గినట్టు.

"తక్కువ కొట్టినవాడు నెగ్గడమేమిట్రా, విడ్డూరం కాకపోతే!" అన్నారు మా అత్తయ్యగారు. అప్పటికి ఆవిడకి ఎనభయ్యారేళ్ళు. కాసేపాగి, "ఇదేదో పొదుపు ఆటలా ఉందే అమ్మాయ్" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆటంతా అర్థమైపోయింది. తక్కువలో నెల గట్టెక్కించడం మనకి కొత్తా?

మరి వానొస్తే ఈ ఆట ఎందుకాగాలి? చిన్న జల్లయితే ఆగదు, గొడుగులేసుకుని మరీ ఆడతారు. కానీ గుంత చుట్టూ ఉండే నున్నని పచ్చిక మీద నీళ్ళు నిలిచాయంటే బంతి దొర్లదు. ఇసక గుంటలు చెరువులైపోతాయి. ఇక ఉరిమిందా, అది అసలు భయం. చెట్టూ చేమా దూరంగా ఉన్న మైదానంలో లోహపు కర్ర పైకెత్తి నిలబడ్డ మనిషిని పిడుగు వెతుక్కోనక్కర్లేదు కదా! అందుకని సైరన్ మోగగానే ఎక్కడి ఆట అక్కడ ఆపేసి అందరూ లోపలికి వెళ్ళిపోవాల్సిందే.

అసలు చిక్కు వాన వెలిశాక మొదలవుతుంది. ఈ పెద్ద పోటీల్లో నూటయాభై మందికి పైగా ఆడతారు. అందరూ ఒక్కసారే మొదలుపెట్టరు. ఇద్దరేసి, ముగ్గురేసి, ఒకరి వెనక ఒకరుగా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బయల్దేరుతూనే ఉంటారు. మన పెళ్ళి భోజనాల బంతుల్లాగన్నమాట. మొదటి బంతి గంట ఆలస్యమైతే ఆఖరి బంతి వాళ్ళకి చల్లారిన పులుసే గతి. అక్కడా అంతే. పైగా అది దీపాల వెలుగులో ఆడే పోటీ కాదు. చీకటి పడితే ఆపెయ్యాలి. ఇవాళ మిగిలింది రేపటి నెత్తిన, రేపు మిగిలింది ఎల్లుండి నెత్తిన.

బ్రిటన్‌లో 1860 నుంచి ఓపెన్ అనే పోటీ జరుగుతోంది. 1988లో లిథమ్‌లో శనివారం రౌండు మొత్తం వానకి కొట్టుకుపోయింది. ఆ పోటీ సోమవారం దాకా సాగడం అదే మొదటిసారి. స్పెయిన్ ఆటగాడు సెవె బాయెస్తెరోస్ ఆ సోమవారం 65 దెబ్బల్లో రౌండు ముగించి గెలుపు పట్టుకుపోయాడు. మళ్ళీ 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో శుక్రవారం వాన, శనివారం గాలి. పచ్చిక మీద బంతి నిలిచిన చోట నిలవనంత గాలి! అదీ సోమవారానికే తేలింది.

అమెరికాలో 2009 యు.ఎస్. ఓపెన్ కథ ఇంకా బాగుంటుంది. న్యూయార్కు రాష్ట్రంలో బెత్‌పేజ్‌లో జరిగింది. గురువారం పొద్దున్న కాసేపు ఆట సాగిందో లేదో కుండపోత. టిక్కెట్లు కొని వచ్చిన జనం తడిసి ముద్దయి ఇళ్ళకి పోయారు. ఆ టిక్కెట్టు ఇంకో రోజుకి చెల్లదన్నారు నిర్వాహకులు. డబ్బు పోసినవాళ్ళు ఊరుకుంటారా? గోల పెట్టేసరికి వీళ్ళు దిగివచ్చి, సోమవారం గనక ఆట ఉంటే అదే టిక్కెట్టుతో రమ్మన్నారు. ఆట నిజంగానే సోమవారం దాకా సాగింది. లూకస్ గ్లోవర్ నెగ్గాడు. ఈ కథ విని మావారు, "ఆ రోజుల్లో సగంలో కరెంటు పోతే మర్నాటి ఆటకి మళ్ళీ రానిచ్చిన మన సినిమా హాలువాళ్ళే నయం" అన్నారు.

ఇవన్నీ డబ్బూ రోజులూ పోయిన కథలు. వాన మనుషుల కష్టాన్నే చెరిపేసిన కథ వేరే ఉంది. ఆడవాళ్ళ గోల్ఫులో అయిదు పెద్ద పోటీలున్నాయి. వాటిలో ఒకటి ఫ్రాన్సులో, జెనీవా సరస్సు ఒడ్డున ఎవియన్ అనే ఊళ్ళో. 2017 సెప్టెంబరులో అక్కడ మొదటిరోజే గాలీవానా ముంచుకొచ్చాయి. నిర్వాహకులు ఏం చేశారంటే, ఆ పొద్దున్న కొట్టిన దెబ్బలన్నీ రద్దుచేసి, నాలుగు రౌండ్ల పోటీని మూడుకి కుదించారు. పలక మీద రాసిందంతా తడిగుడ్డతో తుడిచేసినట్టే. దక్షిణ కొరియా అమ్మాయి పార్క్ సుంగ్ హ్యున్ అప్పటికి అయిదు గుంతలకే ఆరు దెబ్బలు ఎక్కువ కొట్టి ఉంది. ఆ లెక్క చెరిగిపోయింది. మర్నాడు 63 దెబ్బల్లో రౌండు ముగించి అందరికన్నా పైన కూర్చుంది! మరి ఆ పొద్దున్న చక్కగా ఆడుతున్నవాళ్ళ మాటో? వాళ్ళ కష్టమూ ఆ నీళ్ళలోనే పోయింది. చివరికి స్వీడన్ అమ్మాయి అన్నా నార్డ్‌క్విస్ట్ నెగ్గింది. వాన ఒకరి పుస్తకంలో అప్పు చెరిపితే, ఇంకొకరి పుస్తకంలో జమ చెరిపింది. అది న్యాయమో అన్యాయమో నాకు తేలలేదు.

ఆ ప్రశ్న మా ఇంటి హాల్లోకే వచ్చి కూర్చుంది, 2021 ఆగస్టు 7, శనివారం నాడు. మర్నాడు ఆషాఢ అమావాస్య. టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ గోల్ఫు, ఆఖరి రౌండు. బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్, ఇరవై మూడేళ్ళ పిల్ల, ప్రపంచంలో 200వ ర్యాంకు. అలాంటిది మూడు రౌండ్లయ్యేసరికి రెండో స్థానంలో ఉంది. ఒకటో ర్యాంకు నెల్లీ కోర్డా మూడు దెబ్బలు ముందుంది. ఇంకో విశేషం, అదితి కర్రల సంచీ మోస్తున్నది వాళ్ళమ్మ మహేశ్వరి. 2016లో రియోలో తండ్రి మోశాడు, ఈసారి తల్లి వంతు. సంచీ మోసేవాళ్ళని కేడీ అంటారని మనవడు చెప్తే మా అత్తయ్యగారు ఉలిక్కిపడ్డారు. "కన్నతల్లిని పట్టుకుని కేడీ అంటారేమిట్రా!" పోలీసుల కేడీ వేరు, ఈ కేడీ వేరు అని నచ్చజెప్పేసరికి వాడి తాతలు దిగివచ్చారు.

ఇదిలా ఉండగా టోక్యో వైపు తుపాను వస్తోందన్నారు. నియమం ఏమిటంటే, శనివారం కుదరకపోతే ఆదివారం చూస్తారు. అప్పటికీ కుదరకపోతే మూడు రౌండ్ల లెక్కతోనే పతకాలు ఇచ్చేస్తారు. అంటే? వానొస్తే మనకి వెండి!

ఇంక మావారిని చూడాలి. "విరాటపర్వం పారాయణ చేస్తే వానలు పడతాయంటారు కదరా, టోక్యోలో మనవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కో" అని మనవడికి పురమాయించారు. వాడు, "తాతయ్యా, పారాయణ మనమే ఫోన్లో చేసేద్దాం" అన్నాడు. అత్తయ్యగారు మాత్రం ఇద్దర్నీ కసిరారు. "ఆడనివ్వండర్రా పిల్లని! తల్లీకూతుళ్ళు అంతదూరం పోయింది వానని చూడ్డానికా?"

నేను ఎటూ మాట్లాడలేదు. చేతికందుతున్న వెండిని వద్దనమనడానికి మధ్యతరగతి మనసు ఒప్పుకోదు. కానీ నా దగ్గరా వాన ఇచ్చిన కప్పొకటి ఉంది. 1978లో, కాలేజీ ఆటల పోటీల్లో, టెన్నికాయిట్ డబుల్స్ ఫైనలు. మా జంట ఒక ఆట నెగ్గింది, అవతలి జంట ఒకటి నెగ్గింది. మూడోది మొదలుపెట్టబోతుంటే వాన. మర్నాడు పెట్టొచ్చు, కానీ బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దమనిషికి ఆ సాయంత్రమే రైలు. రూపాయి బిళ్ళ ఎగరేశారు. బొమ్మ పడింది, కప్పు మాదన్నారు. అవతలి అమ్మాయి వచ్చి చెయ్యి కలిపి, "ఆడి ఉంటే ఎవరు నెగ్గేవాళ్ళంటావ్?" అంది. అక్కసుతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నేనేం చెప్పగలను? ఆ కప్పు ఇప్పటికీ మా అలమారలో ఉంది. తుడిచినప్పుడల్లా ఆ ప్రశ్నా తళతళలాడుతుంది.

అందుకే టోక్యోవాళ్ళు చేసిన పని నాకు నచ్చింది. వాన వస్తుందని తెలిసి బిళ్ళ ఎగరెయ్యలేదు, లెక్క తుడిచెయ్యలేదు. ఆట ముందుకి జరిపి పెందలాడే మొదలుపెట్టారు. అందరూ ఒకటో గుంత దగ్గరే బయల్దేరితే పొద్దుపోతుందని, కొందరిని అక్కడినుంచీ కొందరిని పదో గుంత నుంచీ పంపారు. ఇది ఏ పుస్తకంలో నేర్చుకున్నారో గానీ, మన వంటిళ్ళలో రోజూ జరిగేదే. మబ్బు పట్టేలా ఉంటే నాలుగింటికి లేచి రెండు పొయ్యిలూ ఒక్కసారి వెలిగించమూ? వానని ఆపలేం గానీ, వానకంటే ముందు లేవగలం.

అయినా వాన ఊరుకుందా? ఆట ఆఖరి గుంతల దగ్గరికి వచ్చాక ఉరిమింది. సైరన్ మోగింది. అప్పటికి అదితికి పతకం అందీ అందనట్టు ఊగుతోంది. ఇక్కడితో రద్దయితే నిన్నటి లెక్కే లెక్క. మావారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్పావుగంట సేపు ఖాళీ పచ్చికనీ మబ్బునీ చూస్తూ కూర్చున్నాం. వంటింట్లో ఇడ్లీపిండి పొంగి గిన్నె దాటింది. ఎవరూ లేవలేదు.

మబ్బు పక్కకి తప్పుకుంది. ఆట మళ్ళీ మొదలైంది. చివరి గుంత దగ్గర అదితి దూరం నుంచి కొట్టిన బంతి తిన్నగానే వెళ్ళింది, కాస్తలో తప్పింది. కోర్డా 267 దెబ్బలు, బంగారం. జపాన్ అమ్మాయి మోనె ఇనామి, న్యూజీలాండ్ అమ్మాయి లిడియా కో చెరి 268. వాళ్ళిద్దరికీ విడిగా పోటీపెడితే ఇనామికి వెండి, కో కి కంచు దక్కాయి. అదితి 269. నాలుగో స్థానం. ఒకే ఒక్క దెబ్బ.

"మోసం చేసింది వాన" అన్నారు మావారు. "వాన ఎవరికీ మాటివ్వలేదురా" అన్నారు అత్తయ్యగారు. ఆ సాయంత్రం నీరజ్ చోప్రా ఈటె విసిరి బంగారం తెచ్చేసరికి దేశమంతా పండగ చేసుకుంది. మావారూ చేసుకున్నారు, పొద్దుటి దిగులు మరిచిపోయి.

అదితి 2024లో పారిస్‌లో మూడో ఒలింపిక్స్ కూడా ఆడింది. అక్కడా పతకం రాలేదు. కానీ టోక్యోలో ఆమె లెక్క చూడండి. 67, 66, 68, 68. నాలుగు రోజులు, నాలుగు అంకెలు. ఒక్కటీ వాన చెరిపింది కాదు, ఒక్కటీ వాన ఇచ్చింది కాదు. ఆడి ఉంటే ఏమయ్యేదని ఆ అమ్మాయిని ఎవరూ అడగక్కర్లేదు.