మొయినాబాద్ పొలం, మొఘల్‌పురా ఇల్లు

మొఘల్‌పురా గల్లీల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లే తప్ప పొలం కనిపించదు. అక్కడివాళ్లకు ఊరవతల మొయినాబాద్ పొలాలు ప్లాట్లయితేనేం, కాకపోతేనేం?

1908 సెప్టెంబరు 28 సంగతి తాతల నోట విన్న ఇళ్లలో ఆ మాట అంత తేలిగ్గా రాదు. ఆ రోజు మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందంటారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారట. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.

చెరువంటే కట్ట ఒక్కటే కాదు కదా! పొలాల్లో ఇంకగా మిగిలిన వాన నీరు వాగుల వెంట నెమ్మదిగా రావాలి. అందుకే 1996లో 111 జీవో 84 గ్రామాల్లో కాలనీలు, కాలుష్య పరిశ్రమలు వద్దంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలు ఎత్తేసింది. పర్యావరణవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు.

పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదన్న రైతుల గోడు అబద్ధం కాదు. నగరం నీళ్లకు పాతికేళ్లు కాపలా కాసినవాళ్లకు నగరం ఏమిచ్చింది? ఇవ్వాల్సింది పరిహారం. అనుమతులిచ్చి చేతులు దులుపుకుంటే మురుగు చెరువుకి, వరద మూసీకి చేరతాయి.

2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లెత్తారు. దసరాకు ఊళ్లకు బయల్దేరినవాళ్లు సామాన్లతో ఇమ్లీబన్ బస్టాండులో నీళ్ల మధ్య చిక్కుకున్నారు. మొఘల్‌పురా నుంచి అది ఎంతో దూరం లేదు.