విమాన ఛాయాచిత్రములు - వాని పరీక్షకులు

మన పాఠశాల పత్రికకు ఉపాధ్యాయులు ఏటేట ఏదో యొక విషయమును గూర్చి వ్రాయుట వాడుక. గణితము బోధించువాడను గనుక నేను లెక్కలను గూర్చియే వ్రాయుదునని విద్యార్థులు తలంచియుందురు. ఈ సారి విమానముల ఛాయాచిత్రములను గూర్చి వ్రాయ నిశ్చయించితిని. ఇందులోను లెక్కలు లేకపోలేదు.

విశాఖపట్టణమున పెరుగు బాలునికి చిన్ననాటినుండియు రెండు వింతలు కన్నులయెదుట నుండును. ఒకటి ఓడ, రెండవది విమానము. 1933లో రేవు తెరువబడినది మొదలు పెద్ద ఓడలు డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కగా లోనికి వచ్చుచునే యున్నవి. విమానమన్ననో, మన పెద్దలకు మొదట భయమునే తెచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఈ పట్టణముపై బాంబులు వేసినప్పుడు జనులు మూటాముల్లెలతో పల్లెలకు తరలిపోయిరి. అట్టి పట్టణపు బాలురు నేడు ఆకాశమున మ్రోత వినబడగనే మేడమీదికి పరుగెత్తి, అది ఏ సంస్థవారిదో, ఏ తరగతిదో తోకను చూచి చెప్పగలుగుచున్నారు. కొందరు చూచుటతో తృప్తినొందక చిత్రములు తీయుచున్నారు. తీసినవానిని లోకమునకు చూపవలెనను కోరిక వారికి సహజమే గదా.

ఇంటర్నెట్టులో విమాన చిత్రములకే ప్రత్యేకముగా నేర్పడిన చిత్రశాలలు కొన్ని కలవు. స్వీడను దేశస్థుడగు యోహాన్ లుండ్‌గ్రెన్ 1990ల చివరిభాగమున స్థాపించిన ఎయిర్‌లైనర్స్ డాట్ నెట్, 2002లో వెలసిన జెట్‌ఫొటోస్ అనునవి వానిలో మిక్కిలి పేరుపొందినవి. తక్కిన చోట్ల ఎవరు ఏ బొమ్మను పంపినను క్షణములో వెలువడును. ఇచ్చట అట్లు కాదు. పంపిన ప్రతి చిత్రమును మొదట వరుసలో నిలుచును. స్క్రీనర్లు అనబడు పరీక్షకులు దానిని చూచి తగునో తగదో నిర్ణయింతురు. వీరు జీతముకొరకు గాక ఇష్టముకొద్ది పనిచేయు వారు. తామును విమాన చిత్రములు తీయువారు. తగదన్నప్పుడు ఊరకుండక, ఏ కారణముచేత తగదో పేరుపెట్టి తెలుపుదురు. ఆ నిర్ణయము న్యాయము కాదని తోచినచో, కారణము చూపి పునర్విచారణ కోరుటకును వీలు కలదు.

వారు చూచు విషయములు వినుడు. దిగంతరేఖ ఒక ప్రక్కకు వ్రాలరాదు. విమానము చిత్రమునకు నడుమ అమరవలెను. వెలుతురు హెచ్చి రెక్కలు తెల్లబారరాదు. తగ్గి చక్రముల చోటు నల్లబడరాదు. అంచులు స్పష్టముగా నుండవలెను గాని, కంప్యూటరుతో అతిగా పదునుపెట్టిన గరుకుదనము కనబడరాదు. కెమేరా లోపల జేరిన ధూళికణము ఆకాశమున చుక్కవలె నిలువరాదు. ఎండవేళ నేలనుండి లేచు వేడిగాలి విమానమును నీటిలోని నీడవలె కదలించును, అదియు దోషమే. మన తీరమున ప్రొద్దెక్కిన తరువాత ఈ దోషమును తప్పించుకొనుట కష్టము. చిత్రముతోపాటు విమానపు రకము, సంస్థ పేరు, తీసిన చోటు, తేదీ, దాని రిజిస్ట్రేషను గుర్తు వ్రాయవలెను. మన దేశపు పౌర విమానముల గుర్తులన్నియు ‘వీటీ’ అను రెండక్షరములతో మొదలగును. చిత్రమెంత సొగసైనదైనను ఆ గుర్తులో ఒక్క అక్షరము తప్పినచో త్రిప్పి పంపుదురు.

ఇక లెక్క. చిన్న పట్టణములకు నడచు ఏటీఆర్ 72 విమానమునకు ప్రొపెల్లర్లుండును. అవి చిత్రమున కదలనట్లు నిలిచిపోయినచో, ఎగురు విమానము ఇంజను ఆగినదానివలె కనబడును. ఆ ప్రొపెల్లరు ఎగురునప్పుడు నిమిషమునకు 1200 చుట్లు, అనగా సెకనుకు 20 చుట్లు తిరుగునని కొనుడు. ఒక్క చుట్టు 360 అంశలు గావున, సెకనులో 1000వ వంతు కాలమున రెక్క 7.2 అంశలు మాత్రమే కదలును. చిత్రమున అది కఱ్ఱవలె బిగిసి కనబడును. సెకనులో 125వ వంతు కాలము కెమేరా కన్ను తెరచియుంచినచో 57.6 అంశలు కదలును. క్రొత్త ఏటీఆర్ విమానములకు ఒక్కొక్క ప్రొపెల్లరునకు ఆరు రెక్కలు. రెక్కకును రెక్కకును నడుమ 60 అంశలు. అనగా ఒక రెక్క రెండవదాని స్థానమును దాదాపుగా అందుకొని, చిత్రమున చక్కని చక్రము ఏర్పడును. అయితే అంతసేపు చేయి వణకకుండ విమానముతోపాటు కెమేరాను త్రిప్పగల నేర్పు కావలెను. ఈ లెక్కను తొమ్మిదవ తరగతిలో చెప్పినప్పుడు, సాధారణముగా కునుకుపాట్లు పడు వెనుక బల్లవారు సైతము తలలెత్తిరి.

ఆ వెనుక బల్లమీద కూర్చుండిన వారిలో నొకడే ఈ వ్యాసమునకు కారకుడు. వాని తండ్రి ఉక్కు కర్మాగారమున కడ్డీలను పరీక్షించు విభాగమున పనిచేయుచున్నాడు. ఒకరు వాడి విడిచిన కెమేరాను కుమారునికి కొనియిచ్చెను. బాలుడు చిత్రములు తీసి ఒక చిత్రశాలకు పంపసాగెను. వరుసగా పదుమూడు చిత్రములు తిరిగివచ్చినవి. అప్పుడొక ఆదివారము ఆరాధన ముగిసినపిదప తండ్రి నన్ను కలిసికొని, “మాస్టరుగారూ, పదుమూడు మారులు వద్దన్నవారి గుమ్మము ఎక్కుట మర్యాదయేనా? కెమేరాను అమ్మివేయుదుననుకొనుచున్నాను. మీరేమందురు?” అని యడిగెను. ఆయన కంఠములో కోపము లేదు. కుమారుడు చిన్నబోవుచున్నాడను బాధ కలదు.

నేను వెంటనే జవాబు చెప్పక, వాని యొద్దనున్న తిరస్కార పత్రములను తెప్పించి చూచితిని. మొదటి చిత్రమునకు ఐదు దోషములు వ్రాసియున్నవి. ఐదవదానికి మూడు. పదుమూడవదానికి ఒక్కటే: దిగంతరేఖ కొంచెము వ్రాలినది. ఆ కాగితములను వరుసగా పరచి, “అయ్యా, మీ కర్మాగారమున పరీక్షకు నిలువని కడ్డీ నేమి చేయుదురు?” అని యడిగితిని. “ముక్కలు చేసి మరల కరగింతుము” అనెను. “సముద్రములో పారవేయరు గదా?” అంటిని. ఆయన నవ్వి, కాగితములను మడిచి జేబులో నుంచుకొని వెడలిపోయెను. కెమేరా అమ్ముడుపోలేదు.

ఇచ్చట తలిదండ్రులు గమనింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. విమానములు దగ్గరగా కనబడు చోట్లన్నియు చిత్రములు తీయదగిన చోట్లు కావు. మన పట్టణపు రన్‌వే ఉన్న నేల నౌకాదళమువారిది. అచ్చటి ఐఎన్ఎస్ డేగ 1991లో నెలకొల్పబడినది. ప్రభుత్వ విమానాశ్రయమున వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదని 1937 నాటి విమాన నిబంధనలలో 13వ నిబంధన శాసించినది. గోడప్రక్క మిట్ట యెక్కినచో బహు చక్కని చిత్రము దొరకునని బాలుడు నాతో చెప్పెను. అది నిజమే కావచ్చును. ఆ మిట్ట యెక్కవద్దని గట్టిగా చెప్పితిని. 2001 నవంబరులో గ్రీసు దేశపు కలమాత వైమానిక స్థావరమువద్ద విమానములను చూచి గుర్తులు వ్రాసికొనిన పండ్రెండుగురు ఆంగ్లేయులును ఇద్దరు డచ్చివారును చెరసాల పాలైరి. 2002 ఏప్రిల్‌లో వారికి శిక్ష పడినది. ఆ సంవత్సరము నవంబరులో అప్పీలుమీద విడుదల లభించినది. సరదాకు పోయినవారు ఒక సంవత్సరము న్యాయస్థానముల చుట్టు తిరుగవలసి వచ్చినది. కోరిన చిత్రము లభింపకపోయిన నష్టము చిన్నది. పదునైదేండ్ల బాలుడు ఠాణాలో కూర్చుండుట చిన్నది కాదు.

నిషేధము లేని చోట్లు మనకు లేకపోలేదు. రామకృష్ణా బీచి రోడ్డున టీయూ-142 విమానము కలదు. నాలుగు ఇంజనులును, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిక్కుల తిరుగు రెండేసి ప్రొపెల్లర్లును గల ఈ మహా విమానము సముద్రముపై గస్తీ తిరిగినది. ఈ జాతి విమానములు మన నౌకాదళమున 29 సంవత్సరములు సేవచేసి 2017 మార్చి 29న విశ్రాంతి నొందినవి. ఆ సంవత్సరము డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు దీనిని మ్యూజియముగా ప్రారంభించిరి. హైదరాబాదు బేగంపేటలో వింగ్స్ ఇండియా అను ప్రదర్శన జరుగుచుండును. 2024 జనవరిలో బోయింగువారి 777ఎక్స్ విమానము అచ్చటికి వచ్చినది. భోగాపురమున నూతన విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది.

మన బాలుడు పదునాలుగవ చిత్రమునకు టీయూ-142ను ఎన్నుకొనెను. ఉదయమున సూర్యుడు సముద్రమునుండి లేచును గనుక, సముద్రమునకు వీపుపెట్టి నిలిచినచో వెలుతురు విమానముమీద నిండుగా పడును. కాని ఒక దీపస్తంభము విమానపు ముక్కునకు అడ్డముగా వచ్చినది. కంప్యూటరుతో దానిని తుడిచివేయుట రెండు నిమిషముల పని. స్నేహితులట్లే చేయమనిరి. ఆ చిత్రశాలల నియమము వేరు: కెమేరాలోని ధూళి చుక్కను తుడువవచ్చును, ఎదుటనున్న వస్తువును తుడువరాదు. బాలుడు నాయొద్దకు వచ్చి, “తుడుచుట రెండింటను ఒక్కటే గదండీ, ఒకటి ఒప్పు, ఒకటి తప్పు ఎట్లగును?” అని యడిగెను. “నాయనా, ధూళి నీ కెమేరాది. స్తంభము లోకముది. నీ దోషమును నీవు దిద్దుకొనవచ్చును. లోకములో నున్నదానిని లేదని చెప్పుటకు నీకు హక్కు లేదు” అంటిని. వాడు కొంతసేపు ఆలోచించి మారుమాటాడక వెళ్లెను. ఆపైని నాలుగు ఉదయములు అచ్చటికి పోయి, అటునిటు నడచి, స్తంభము అడ్డురాని చోటు వెదకి తీసెను. ఆ చిత్రము అంగీకరింపబడినది.

ఇంతవరకు పరీక్షకులను పొగడితిని. వారి తీర్పునకు హద్దును కలదని చెప్పకున్న న్యాయము కాదు. 1903 డిసెంబరు 17న రైటు సోదరుల విమానము మొట్టమొదట నేల విడిచి 12 సెకనులు, 120 అడుగులు ఎగిరినప్పుడు ఆ క్షణమును పట్టినవాడు జాన్ డేనియల్స్ అను సముద్ర రక్షకదళ సేవకుడు. ఆర్విల్ రైటు కెమేరాను నిలిపి సిద్ధపరచి యిచ్చెను. డేనియల్స్ రబ్బరు బుడ్డిని నొక్కెను. అంతకుముందు ఆయన కెమేరా నెఱుగడు. ఆ చిత్రమును నేటి నియమములతో కొలిచినచో ఎన్ని దోషములైనను ఎన్నవచ్చును. అయినను మానవుడు ఎగిరెననుటకు అదియే సాక్ష్యము.

అంత దూరము పోనేల? ఈ బాలుని తిరస్కృత చిత్రములలో ఒకటి నాకు మఱవరానిది. 2022 డిసెంబరు 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారి సమక్షమున మన సముద్రతీరమున నౌకాదళ దినోత్సవము జరిగినప్పుడు తీసినది. అందు విమానము వ్రేలి గోరంత మాత్రము. క్రింద వాని తాతమ్మ, నొసట చేయి అడ్డము పెట్టుకొని, నోరు తెరచి నవ్వుచు పైకి చూచుచున్నది. 1942లో బాంబులు పడిననాడు ఐదేండ్ల పిల్లగా తల్లి చంకనెక్కి ఈ పట్టణము విడిచినది ఆమెయే. ‘విమానము మిక్కిలి చిన్నదిగా నున్నది’ అని పరీక్షకులు త్రిప్పి పంపిరి. వారి నియమము ప్రకారము అది సరియే. వారిది విమానముల చిత్రశాల గాని తాతమ్మలది కాదు. ఆ చిత్రము నేడు వారి యింట గోడమీద నున్నది. ఒకనాడు కాఫీకి పిలిచినప్పుడు తండ్రి నాకు మొదట దానినే చూపెను. అంగీకరింపబడినదానిని పిమ్మట చూపెను.

విద్యార్థులారా! మీ జవాబు పత్రములను దిద్దునప్పుడు నేనును ఒక పరీక్షకుడనే. మార్కులు మాత్రమే చూచికొని కాగితము నలిపివేయువారికి నేను వ్రాసిన ఎఱ్ఱ సిరా వృథా. తప్పు ఎచ్చటనో చదివి రెండవమారు చేయువారికి అదే ఉపాధ్యాయుడు. ఆ పరీక్షకు కొలువని సంగతులు మీలో ఎన్నో యుండును. వానిని మీ యింటి గోడమీద నుంచుకొనుడు. తలిదండ్రులారా! పిల్లలు ఏదైన తిరిగివచ్చినదని విచారముతో నున్నప్పుడు, ఎన్ని మారులు తిరిగివచ్చినదని యడుగుటకు ముందు, క్రితము మారుకంటె దోషములు తగ్గినవా యని యడుగుడు. తగ్గుచున్నచో కెమేరాను అమ్మకుడు.