చప్పుడు లేని క్రాకర్

క్రిస్మస్ క్రాకర్ అంటే మన దగ్గర ఎవరికైనా ముందు టపాకాయే గుర్తొస్తుంది. ఇంగ్లండులో ఆ మాటకి అర్థం వేరు. చాక్లెట్‌కి చుట్టినట్టు రెండు చివర్లా మెలిపెట్టిన రంగు కాగితం గొట్టం అది. భోజనాల బల్ల దగ్గర ఒక్కొక్కరి పళ్ళెం పక్కన ఒక్కోటి పెడతారు. ఒక చివర నువ్వు, ఇంకో చివర పక్కవాళ్ళు పట్టుకుని లాగాలి. 'టప్' అని చీలుతుంది. లోపలి నుంచి ఓ కాగితం కిరీటం, ఓ చిన్న వస్తువు, చదివితే నవ్వు రాకపోగా అందరూ కలిసి మూలిగే ఓ జోకు బయటపడతాయి. పెద్ద ముక్క ఎవరి చేతిలో ఉంటే లోపలివి వాళ్ళవి. తర్వాత ఇంటి పెద్ద దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఆ కిరీటాలు పెట్టుకునే భోంచేస్తారు.

ఇది ఒక్కరు ఆడేది కాదు. నిలబడి, వడ్డిస్తూ, వంటింట్లోకీ బయటికీ తిరుగుతూ ఆడటమూ కుదరదు. చేతిలో గరిటె ఉన్న మనిషి క్రాకర్ లాగలేదు. ఈ సంగతి మా ఇంట్లో 2006 డిసెంబర్‌లో తెలిసొచ్చింది.

మా చెల్లెలి కూతురు రెండేళ్ళుగా బర్మింగ్‌హామ్‌లో నర్సు. ఆ ఏడు సెలవు దొరికి పండక్కి వస్తూ అందరికీ క్రాకర్లు తేవాలనుకుంది. ఆ టప్పుమనే చప్పుడు దగ్గరే వచ్చింది చిక్కంతా. గొట్టం లోపల సన్నటి అట్టముక్క మీద రవ్వంత సిల్వర్ ఫల్మినేట్ పూస్తారు. రాపిడికి పేలుతుంది. రవ్వంతే అయినా పేలుడు పదార్థం పేలుడు పదార్థమే. విమానాల్లో ఒక్కో సంస్థది ఒక్కో నియమం. కొన్ని అసలే వద్దంటాయి. కొన్ని సీలు విప్పని పెట్టెనైతే చెకిన్ సామానులో రానిస్తాయి, చేతిసంచిలో మాత్రం రానివ్వవు. ఇంట్లో చేసుకున్నవాటికి చాలాచోట్ల అనుమతి లేదు. పిల్ల ఇవన్నీ ముందే కనుక్కుంది. సొంతంగా చేసుకునే సామాను ఓ పెట్టె కొని, అందులో పేలే అట్టముక్కలు ఆరూ గదిలో ఉండే స్నేహితురాలికి ఇచ్చేసి, మిగతావి సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకొచ్చింది.

మాది భద్రాచలానికీ దుమ్ముగూడేనికీ మధ్య గోదావరి గట్టు ఊరు. నాన్న మిషన్ బడిలో పంతులుగా చేసి, గుడిలో ఉపదేశిగా చేసి విశ్రాంతి తీసుకున్నాడు. క్రిస్మస్‌కి నెల ముందే గోడలకి సున్నం, వెదురు బద్దలతో నక్షత్రం, చలిలో ఇల్లిల్లూ తిరిగి పాటలు. పండగ రోజు ఆరాధన కాగానే భోజనాలు. ముందు మగవాళ్ళు, వచ్చిన అయ్యగార్లు, తర్వాత పిల్లలు. అమ్మా, మరదలూ, నేనూ ఎసట్లో మిగిలినది ఊడ్చుకుని, కోడికూర అడుగు పులుసుతో తినేసరికి మూడు దాటేది. గుడిలో ఒకే గిన్నెలోంచి, ఒకే రొట్టెలోంచి పంచుకుంటాం. అక్కడ అందరం సమానమే. గుడి గుమ్మం నుంచి మా ఇంటి గుమ్మానికి నూరడుగులుండదు. ఆ నూరడుగుల్లో సమానత్వం ఎక్కడ జారిపోయేదో ఎవరూ వెతకలేదు.

ఆ ఏడు ఇంట్లో పధ్నాలుగు మందిమి. పిల్ల తెచ్చినవి ఆరు. మిగతా ఎనిమిదీ పాత క్యాలెండర్ అట్టలు చుట్టి, నక్షత్రానికి తెచ్చిన గ్లేజు కాగితం అంటించి, రెండు వైపులా దారంతో కట్టి నేనూ మరదలూ రాత్రి చేశాం. పొద్దున నాన్న తన అలవాటు ప్రకారం చాప మీద కూర్చున్నాడు. పిల్ల క్రాకర్లు ఒళ్ళో పెట్టుకుని కదలదు.

"తాతయ్యా, ఇవి చేతులు అడ్డంగా పెట్టి గుండ్రంగా లాగాలి. అమ్మమ్మ కూర్చుంటేనే వరస పూర్తవుతుంది."

"మరి వడ్డించేదెవరే?" అన్నాడు నాన్న. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలియక అడిగాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషికి ఆ ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

గిన్నెలన్నీ మధ్యలో పెట్టాం. అమ్మ కూర్చుందే గానీ రెండుసార్లు లేవబోయింది. మరదలు చెంగు పట్టుకు లాగింది. అమ్మకి ఎడంపక్కన, మా పత్తిచేలో కూలికి వచ్చే ఒక గొత్తికోయ అమ్మాయి, ఒళ్ళో నాలుగేళ్ళ కొడుకుతో. ఆ ఏడాదే సరిహద్దు దాటి వచ్చిన కుటుంబం. 2005లో దంతెవాడ వైపు సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళు వదిలి వేలమంది ఇటు ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. చెట్ల కింద గుడిసెలు వేసుకుని, రేషన్ కార్డు లేక, బడి లేక, మిరపచేలల్లో పత్తిచేలల్లో కూలి చేసుకుని బతికారు. అమ్మకి కోయభాష వచ్చు. అందుకే ఆ అమ్మాయి మధ్యాహ్నాలు మా అరుగు మీదే కూర్చునేది.

అందరం చేతులు అడ్డంగా పెట్టి లాగాం. క్రాకర్లో చప్పుడు లేదు కదా, ఆ లోటు తీరుద్దామని మా తమ్ముడు "ఢాం!" అని పెద్దగా అరిచాడు. అందరం నవ్వాం. ఆ పిల్లవాడు నవ్వలేదు. తల్లి చంకలోకి దూరి రెండు చెవులూ మూసుకున్నాడు. తల్లి తలుపువైపు చూసింది. ఒక్క క్షణమే. కానీ ఆ చూపుకి అర్థం మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మేమూ ఎన్నో రాత్రులు అడవిలో చప్పుడైతే దీపం తగ్గించి, అది టపాకాయా తుపాకీయా అని లెక్కపెట్టుకున్నవాళ్ళమే. తెల్లారి జీపులు, ప్రశ్నలు. ఎవరి కొడుకు, ఎవరి పెనిమిటి అని గుసగుసలు.

అమ్మ తన తలమీది కాగితం కిరీటం తీసి ఆ పిల్లవాడి తలకి పెట్టింది. చెవుల మీదికి జారింది. వాడి భాషలో ఏదో మెల్లగా చెప్పింది. వాడు కాసేపటికి చెవుల మీంచి చేతులు తీశాడు. మరుసటేడు పిల్ల ఫోన్ చేసి, చప్పుడు కోసం ఇక్కడే ఏదైనా దొరుకుతుందేమో చూడనా అంటే, "ఆ చప్పుడు మనింట వద్దమ్మా" అంది అమ్మ. దాని మీద ఇంకెవరూ మాట్లాడలేదు. సల్వా జుడుం కోసం ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులని పేరు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో అంది. అప్పటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు.

ఈ క్రాకర్ పుట్టిన కథ చదివితే అందులోనూ మనకి పనికొచ్చే సంగతులున్నాయి. 1840ల్లో టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి, పారిస్‌లో కాగితంలో మెలిపెట్టి అమ్మే బాదం మిఠాయిలు చూసి మొదలుపెట్టాడంటారు. చప్పుడు తర్వాత చేర్చాడు. కిరీటం ఆయన కొడుకు వాల్టర్ చేర్చాడు. కొడుకులు తమ తల్లి మార్తా స్మిత్ పేరున లండన్ ఫిన్స్‌బరీ స్క్వేర్‌లో మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించారు. యజమాని భార్య కాబట్టి ఆమె పేరు రాతి మీద ఉంది. కాగితాలు కత్తిరించి, జిగురు పూసి, దారాలు కట్టిన ఆడవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఈ మాట రాస్తుంటే మా అమ్మమ్మ గుర్తొస్తోంది. గోదావరి మీద పడవల దారి కోసం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు హేగ్ పూనికతో 1860ల మొదట్లో దుమ్ముగూడెంలో సి.ఎం.ఎస్. మిషన్ వచ్చింది. తర్వాత కోయల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ కెయిన్ దొర భార్య అక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పింది. నేను చూసిన కాగితాల్లో ఆమె కూడా 'మిసెస్ కెయిన్' మాత్రమే. దుమ్ముగూడెం లేసుకి ఇంగ్లండులో పేరుండేది. మా అమ్మమ్మ ఆ పని నేర్చుకుంది. ఆమె వేళ్ళు అల్లిన అంచులు ఏ దొరసాని క్రిస్మస్ బల్లగుడ్డకి కుట్టారో, ఆ బల్ల మీద ఏ క్రాకర్లు పేలాయో! ఆమె మాత్రం జన్మలో బల్ల దగ్గర కూర్చుని తినలేదు. నర్సాపురం లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ 1982లో అచ్చువేసిన పుస్తకంలో చెప్పింది ఇదే కదా. ప్రపంచ మార్కెట్ కోసం గంటల తరబడి పనిచేసే ఆడదాన్ని ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణి అనే లెక్కగట్టారు. పని సముద్రాలు దాటింది, పేరు గడప దాటలేదు.

ఒక్క క్రాకర్‌తో మా ఇల్లు మారిపోయిందని చెప్పను. మర్నాడు డిసెంబర్ 26న మగవాళ్ళు ముందు తిన్నారు, మేం మూడింటికి తిన్నాం. ఏడాదికి ఒక్కరోజు కిరీటం పెట్టి మిగతా రోజులు గరిటె ఇవ్వడం పండగలన్నిటికీ అలవాటే. కానీ ఆ ఒక్కరోజు మాత్రం ఆ తర్వాత ఏ ఏడూ తప్పలేదు. నాన్న తన చారు తనే పోసుకోవడం ఆ రోజు నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి మరదలు ఆదివారాలు కూడా గిన్నెలు మధ్యలో పెట్టి, "అందరం కూర్చుందాం వదినా" అనడం మొదలుపెట్టింది. ఎవరూ అనుమతివ్వలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

ఆ జనవరిలో పిల్ల తిరిగి వెళ్తూ తన వార్డులో వాళ్ళకి ఇవ్వడానికి పన్నెండు క్రాకర్లు తీసుకెళ్ళింది. అమ్మ చేసినవి. చప్పుడు లేదు కాబట్టి ఎక్కడా ఎవరూ ఆపలేదు. ఒక్కోదాన్లో ఒక కిరీటం, తల్లి దగ్గర నేర్చుకున్న అల్లికతో అమ్మ చేసిన చిన్న లేసు పువ్వు, జోకుకి బదులు ఒక పొడుపుకథ. దాన్ని పిల్లే ఇంగ్లీషులో రాసింది. చీటీ కింద ఖాళీ ఉంటే అక్కడ ఏం రాయాలని అమ్మ అడిగింది. "చేసినవాళ్ళ పేరు" అన్నాను. కాసేపు ఆలోచించి, పన్నెండు చీటీల మీదా ముందు తన తల్లి పేరు, దాని కింద తన పేరు రాసింది.