ప్రాణమునకు వెల కాదు

చావు వచ్చిన యింట డబ్బుమాట యెత్తుట మనలో దోషముగా నెంచబడుచున్నది. ఆ సంకోచము గౌరవింపదగినదే. కాని దానివలన నష్టపడునది యెవరో ఒకసారి విచారింపవలసియున్నది.

మా డోర్నకల్ రైలు జంక్షనుగా పేరుపడిన యూరు. అయినను ఇప్పుడు మా భయమంతయు రోడ్డును గూర్చియే. మిరపకాయలేరు దినములలో తెల్లవారకమునుపే కూలిస్త్రీలు ఆటోలలోను ట్రాక్టరు ట్రాలీలలోను క్రిక్కిరిసి చేలకు బోవుదురు. ప్రమాదము జరిగినచో పెద్దమనుషులు కూర్చుండి, బండి యజమానిచేత దహనఖర్చులకని కొంత పైకమిప్పించి, రాజీకాగితముపై వ్రేలిముద్ర వేయించుట చుట్టుప్రక్కల నేనెరిగిన సంగతియే. ఆ వ్రేలిముద్ర యెవరిది? ఉదయమునుండి మంచినీరైన ముట్టక, భర్త శవముచెంత కూర్చున్న యొక యాడుదానిది.

పరిహారము దానము కాదు, హక్కు. రోడ్డుపై తిరుగు మోటారుబండికి ఇతరుల ప్రాణనష్టమునకై బీమా యుండవలెనని 1988నాటి మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. "కేసు వేసినచో ఆ డ్రైవరు పిల్లలు వీధిని బడుదురు" అని జాలిపడువారు, పరిహారమును సామాన్యముగా బీమా కంపెనీయే చెల్లించునని యెరుగరు. సరకుబండిలో మనుషుల నెక్కించినప్పుడు మాత్రము కంపెనీ తప్పించుకొనజూచును. అప్పుడు భారము యజమానిపై బడవచ్చును. బండివాని తప్పు నిరూపింపగలిగినచో 166వ సెక్షను క్రింద పూర్తి పరిహారము కోరవచ్చును. తప్పెవరిదను విచారణతో పని లేకయే 164వ సెక్షను క్రింద 5 లక్షల రూపాయలు పొందవచ్చును. గుద్దిన బండి దొరకకపోయినను 2 లక్షలిచ్చు పథకము 2022నుండి కలదు.

లెక్క యెట్లుండునో చూడుడు. 34 ఏండ్ల కూలివాడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. 2017లో ప్రణయ్ సేఠీ కేసున సుప్రీంకోర్టు చెప్పినట్లు, 40 ఏండ్లలోపు అట్టివాని రాబడికి ముందుముందు పెరుగుదలకై నూటికి 40 చొప్పున కలుపుదురు. అది 16,800 అగును. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి, ఈ నలుగురు అతనిపై నాధారపడినవారు గనుక అతని స్వంతఖర్చు క్రింద నాల్గవవంతు తీసివేయుదురు. మిగిలినది 12,600, ఏటికి 1,51,200. ఆ వయస్సునకు 2009నాటి సరళా వర్మ తీర్పు నిర్ణయించిన గుణకము 16. హెచ్చవేసినచో 24,19,200 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువాని పైకము వేరు. రాజీనాడు చేతిలో బెట్టిన నోట్లతో దీనిని పోల్చి చూడుడు.

చనిపోయినది ఇల్లాలైనచో, "ఆమెకు సంపాదన యెక్కడిది?" అని ఇంటివారే యనుట వినుచున్నాము. 2014లో ఢిల్లీలో రోడ్డుప్రమాదమున మరణించిన దంపతుల కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినది. ఇల్లాలి చాకిరికి రాబడి లెక్కగట్టి తీరవలెనని, కృష్ణాజిల్లా వాస్తవ్యులైన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు ఆ తీర్పులో ప్రత్యేకముగా వ్రాసిరి. 2011 జనాభా లెక్కలలో ఇంటిపనియే తమ ముఖ్యవృత్తియని చెప్పిన స్త్రీలు సుమారు 16 కోట్లు. పురుషులు 58 లక్షలు మాత్రమే. వంట, నీళ్లు, బిడ్డలు, ముసలివారు, పశువులు, ఇన్నిటిని చూచుకొను మనిషిని పని లేనిదానిగా వ్రాయించుట చనిపోయిన తరువాత చేయు అవమానము. ఆమె బ్రదికియున్నప్పుడు మనము లెక్కగట్టలేదు, న్యాయస్థానమైనను గట్టుచున్నది.

ఇక వచ్చిన పైకమెవరి చేతికి బోవును? మామ, బావలు, మేనమామ తలకొక మాట చెప్పుదురు. 1993లో సుసమ్మా థామస్ కేసున సుప్రీంకోర్టు, పిన్నవారికిని వితంతువులకును నిరక్షరాస్యులకును వచ్చు పరిహారము చేజారకుండ బ్యాంకులో నిలువయుంచు పద్ధతులను సూచించినది. వితంతువు మరల పెండ్లాడినంతమాత్రమున ఆమె హక్కు పోదని బొంబాయి హైకోర్టు 2023లో తీర్పు చెప్పినది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు ఆరంభించిన పని వివాహవేదికతో ముగియలేదు. అది బ్యాంకు పుస్తకముపై ఆమె పేరు వ్రాయించువరకును సాగవలసియున్నది.

2019నాటి సవరణము 2022 ఏప్రిల్ 1న అమలునకు వచ్చి, అర్జీకి ప్రమాదదినమునుండి ఆరు మాసములు గడువు పెట్టినది. ఈ గడువుపై సుప్రీంకోర్టుదాక వివాదము వెళ్లినను, దానిని నమ్ముకొని జాప్యము చేయరాదు. ప్రమాదమెచ్చట జరిగినను, తాను నివసించుచోటి క్లెయిముల ట్రైబ్యునలులోనే ఆమె అర్జీ వేసికొనవచ్చును. పోలీసు ప్రథమ సమాచార నివేదిక, శవపరీక్ష నివేదిక, బండి బీమాకాగితముల నకళ్లు, వయస్సును రాబడిని దెలుపు పత్రములు భద్రపరుపవలెను. చదువనిదే యే కాగితముపైనను వ్రేలిముద్ర వేయరాదు.

చదువుకొన్న సోదరీమణులారా, పరామర్శకు బోయినప్పుడు కన్నీరు తుడుచుట మొదటి ధర్మము. దినకర్మలు ముగిసిన మరునాడు మరల వెళ్లి, ఆ కాగితములు చదివిపెట్టుట రెండవ ధర్మము. మొదటిదానికి పదుగురు వత్తురు. రెండవదానికి మీరు వెళ్లుడు.