వెల్లుల్లి వేయాలా... వద్దా?

ఆవకాయ కలిపే రోజున చాలా ఇళ్లలో తప్పని ప్రశ్న ఇది. జాడీకి ఎత్తకముందే తేల్చుకోవాలి. ఉప్పు తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చు. వెల్లుల్లి అలా కాదు. ఊరాక రెబ్బలు ఏరేసినా వాసన పోదు!

కంప్యూటర్ ప్రోగ్రాములకీ ఇలాంటి ప్రశ్న ఉంటుందని, నాన్న పాత కంప్యూటర్లో తమ్ముడు జెంటూ లినక్స్ ఎక్కిస్తుంటే తెలిసింది. మనం వాడే ప్రోగ్రాములు మామూలుగా ఎవరో తయారుచేసి ఇచ్చినవే. డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన జెంటూ తీరు వేరు. దీని 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. ప్రోగ్రాము ముడిసరుకును... అంటే సోర్స్ కోడ్‌ను తెచ్చుకుని మన మెషీన్లోనే కంపైల్ చేసుకోవాలి. అందులో ఏమేం కలపాలో 'యూజ్ ఫ్లాగ్స్' రూపంలో మనమే చెప్పాలి. 'కప్స్' అని రాస్తే ప్రింటర్ సదుపాయం చేరుతుంది. 'బ్లూటూత్' ముందు మైనస్ పెడితే ఆ భాగం లేకుండానే ప్రోగ్రాము తయారవుతుంది.

''బ్లూటూత్ తీసేయనా అక్కా? ఇందులో ఆ పరికరమే లేదు'' అన్నాడు తమ్ముడు.

''ఉంచరా, ఎప్పుడైనా పనికొస్తుంది'' వంటింట్లోంచి అమ్మ! మా అటక మీద అట్టపెట్టెలన్నీ ఆ మాట మీదే బతుకుతున్నాయి.

''ఉంచితే ఊరికే ఉండదమ్మా. దానికి తోడు ఇంకో నాలుగు రావాలి. రేపు వాటిలో లోపం బయటపడితే అదీ మనదే'' అన్నాడు వాడు.

మాటవరసకి అన్నది కాదది. 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' సంగతి చూడండి. ఇంటర్నెట్లో మన పాస్‌వర్డుల్లాంటివి పరాయి కంట పడకుండా చూసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 'హార్ట్‌బీట్' అనే చిన్న సదుపాయం ఉండేది. చాలామందికి దానితో పనే లేదు. అయినా అడక్కుండానే కలిసి వచ్చేది. అందులోని లోపం వల్ల, ఒక్కో అభ్యర్థనకి సర్వర్ మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా బయటివాళ్ల చేతికి చిక్కేది. వెంటనే కొత్త వెర్షన్‌కి మారలేనివారికి ఆ బృందం చెప్పిన ఉపాయం ఒకటే... హార్ట్‌బీట్ లేకుండా మళ్లీ కంపైల్ చేసుకోండి!

అలాగని అన్నీ వద్దనుకున్నా చిక్కే. ఫొటోలు చూసే ప్రోగ్రాములో 'జేపెగ్' తీసేస్తే మనవరాలి ఫొటోలు తెరుచుకోవు. కావాలంటే మళ్లీ మొదటినుంచీ కంపైల్ చేయాలి. బ్రౌజర్ లాంటి పెద్దవాటికైతే పాత మెషీన్ గంటలకొద్దీ ఆయాసపడుతుంది. అందుకేనేమో, 2023 డిసెంబరులో జెంటూ వాళ్లు కూడా సిద్ధంగా ఉన్న ప్యాకేజీలను పెద్దఎత్తున ఇవ్వడం మొదలుపెట్టారు.

చివరికి తమ్ముడు జాబితా పట్టుకుని నాన్న దగ్గరికే వెళ్లాడు. ఆయన కళ్లజోడు తీసి తాపీగా చెప్పారు. ''పేపర్ చదవాలి. కరెంటు బిల్లు ప్రింటు రావాలి. పాప కనపడాలి. దాని మాట వినపడాలి.''

అంతే! ఏవి ఉంచాలో, దేనికి మైనస్ పెట్టాలో ఆ నాలుగు ముక్కల్లోనే తేలిపోయింది. ఫ్లాగ్ అంటే ఏమిటో నాన్నకి తెలియదు. తనకేం కావాలో మాత్రం స్పష్టంగా తెలుసు. ఎంపికలో కష్టమైన సగం అదే కదూ!