సర్దుబాటుకీ ఓ ఖరీదుంది

కొత్త కుక్కరు కొనడానికెళ్ళిన ఇల్లాలు ముందు ధర అడగదు. "మా ఇంట్లో గిన్నెలు ఇందులో పడతాయా?" అని అడుగుతుంది. చవగ్గా వచ్చిందని సంబరపడి తెచ్చుకుని, గిన్నెలన్నీ మళ్ళీ కొనాల్సివస్తే ఇంక అది చవకేమిటి, నా మొహం!

సరిగ్గా ఈ లెక్క దగ్గరే కంప్యూటర్ల వాళ్ళు ఒకప్పుడు పెద్ద రభస చేసుకున్నారు.

కంప్యూటరు పెట్టె విప్పితే లోపలి బోర్డుమీద పొడుగాటి సందులు కనిపిస్తాయి. వాటిని స్లాట్లంటారు. తెరకీ, ధ్వనికీ కావలసిన కార్డులు వాటిలోనే గుచ్చుతారు. ఆ కార్డులకీ ప్రాసెసరుకీ మధ్య రాకపోకలు సాగే దారి పేరు బస్సు. ఆర్టీసీ బస్సు కాదు లెండి!

1981లో ఐబీఎం తన పీసీ తెచ్చినప్పుడు ఈ బస్సు వివరాలు దాచుకోలేదు. దాంతో ఎవరికి వాళ్ళు దానికి కార్డులు తయారుచేశారు. 1984లో ఏటీ మోడల్‌లో ఈ దారి వెడల్పు 8 బిట్ల నుంచి 16 బిట్లకి పెరిగింది. అయితే పాత స్లాటు పక్కనే మరో ముక్క చేర్చి పెంచారు గనక పాత కార్డులు చాలామటుకు అందులోనే ఇమిడాయి. గడుసు ఇల్లాలి పని!

1987లో మాత్రం ఐబీఎం మైక్రోచానెల్ అనే కొత్త బస్సు తెచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పాతదానికన్నా మేలైనదే. 32 బిట్ల దాకా వెళ్ళగలదు. కార్డుమీద జంపర్లు పీకి పెట్టే తిప్పలు లేవు. కానీ పాత కార్డు ఒక్కటీ పట్టదు! పైగా ఆ నమూనా వాడుకునే కంపెనీలు ఫీజు కట్టాలన్నారు.

ఒళ్ళు మండి 1988లో కాంపాక్‌తో కలిసి తొమ్మిది కంపెనీలు జట్టుకట్టాయి. పాత బస్సుకి ఐసా అనీ, తమ కొత్తదానికి ఈసా అనీ పేర్లు పెట్టాయి. ఈసా స్లాటు రెండంతస్తుల మేడ. పాత కార్డు పై అంతస్తులో ఆగిపోతుంది, కొత్తది కిందిదాకా దిగుతుంది. ఎవరి మర్యాద వాళ్ళకి దక్కింది. కానీ ఖర్చో? అందుకే అది ఎక్కువగా ఆఫీసు సర్వర్లలోనే ఉండిపోయింది.

ఇళ్ళలో పాత ఐసాయే దిక్కయింది. ప్రాసెసర్లు ఏటికేడాది వేగం పెంచుకుంటున్నా, పాత కార్డుల కోసం ఆ దారి మాత్రం 8 మెగాహెర్ట్జ్ దగ్గరే నడిచింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మన ఇళ్ళలోనూ అంతేగా! సర్దుకుపోవడానికి ఖర్చులేదనుకుంటారు, ఏ బిల్లులోనూ కనబడదు గనక. "అన్నీ సరిపోతున్నాయిగా, ఇంకేం?" అంటారు. సరిపోవడం కోసం ఎవరో ఒకరు తన వేగం తగ్గించుకున్నారన్నది ఎవరికీ పట్టదు.

1992లో ఇంటెల్ పీసీఐ అనే బస్సు తెచ్చింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఒకే బోర్డుమీద పాత స్లాట్లు కొన్ని, కొత్తవి కొన్ని పక్కపక్కనే కాపురం చేశాయి. ఎవరి వేగం వాళ్ళది. పాత కార్డులు మూలపడ్డాక పాత స్లాట్లూ మెల్లగా మాయమయ్యాయి. ఇప్పుడు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రోజులు.

ఈమధ్య మేం కంప్యూటరు మార్చాల్సివచ్చింది. మావారి పాత సౌండు కార్డు పీసీఐది. "నిక్షేపంలా ఉంది, ఇది పట్టే పాత బోర్డే వెతుకుదాం" అన్నారాయన. నేను కాగితం తీసి రెండు గళ్ళు గీశాను. ఒకదాన్లో కొత్త కార్డు ధర. రెండోదాన్లో పాత బోర్డు తెచ్చుకుంటే పోయేవి: కొత్త ప్రాసెసరు పట్టదు, పాడైతే విడిభాగాలు దొరకవు, అయిదేళ్ళపాటు నా రాతపనీ, పిల్లాడి చదువూ దానిమీదే ఈడవాలి. ఆయన కాసేపు చూసి, "ఒక్క కార్డు కోసం ఇంతమందా?" అన్నారు.

కొత్త బోర్డే కొన్నాం. ఇందులో ఇంకో సుఖం ఉంది, చిన్న కార్డు పెద్ద స్లాటులోనూ హాయిగా కూర్చుంటుంది.

మీరు కొనేటప్పుడు కూడా ఏవేవి పడతాయో తప్పకుండా అడగండి. అవి పట్టడం కోసం ఇంట్లో ఎవరు ఎంత తగ్గాల్సివస్తుందో, ఆ లెక్క మాత్రం షాపువాడు చెప్పడు. మీరే వేసుకోవాలి.