మా చిట్టి రైలుబండికి పగ్గము వెదకుట

రెండు సంవత్సరముల క్రిందట మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు జర్మనీ దేశమునుండి సెలవుపై వచ్చినపుడు ఒక చెక్కపెట్టెను తెచ్చి ప్రయోగశాలలో నా బల్లపై నుంచిరి. దానిలో రెండు చిన్న యింజనులును, ఆఱు పెట్టెలును, చుట్టు తిరుగుటకు చాలినన్ని పట్టాలును, రెండు పాయింట్లును, వేగమును హెచ్చించి తగ్గించు నొక పాత యంత్రమును ఉండెను. “పిల్లల కుపయోగపడునేమో చూడుడు” అని చెప్పి వారు వెడలిపోయిరి. ఆ పెట్టె పిల్లలకంటె ముందు నాకే యొక పాఠము నేర్పినది. దానిని మన వార్షిక సంచిక చదువరులతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ బండ్లు ‘హెచ్.ఓ.’ అను కొలతకు చెందినవి. అనగా నిజమైన బండిలో 87వ వంతు. పట్టాల నడిమి యెడము 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపాలోని 1,435 మిల్లీమీటర్ల మార్గమునకు సరిపోవును. మన దేశపు బ్రాడుగేజి 1,676 మిల్లీమీటర్లు గనుక దానిని అదే కొలతకు దించినచో 19 మిల్లీమీటర్లకు మించును. ఈ లెక్కను ఎనిమిదవ తరగతివారిచే చేయించితిని. నిష్పత్తుల పాఠము ఆ దినమున నాకు శ్రమలేకయే నడచెను.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చెక్కపై పట్టాలు పఱచితిమి. ఒక ప్రక్కను రెండు పాయింట్ల నడుమ నొక చిన్న స్టేషను ఏర్పడెను. పిల్లలు కోరినది ఒక్కటియే: క్రాసింగు. అందులకు కారకుడను నేనే. మా తండ్రిగారు గుంటూరు–గుంతకల్లు మార్గము మీటరుగేజిగా నున్న దినములలో ఒక చిన్న స్టేషనున పాయింట్సుమనుగా పనిచేసిరి. ఒంటి మార్గముపై ఎదురెదురుగా వచ్చు బండ్లు స్టేషనులోనే తప్పుకొనవలెను. టోకెను చేతికందనిదే డ్రైవరు ముందునకు కదలరాదు. పెద్ద వలయమునకు కట్టిన తోలుసంచిలో ఆ యినుపబంతిని పెట్టి, కదలుచున్న బండికి మా తండ్రి అందించుటను నేను గోడప్రక్కన నిలిచి చూచెడివాడను. ఈ ముచ్చటను తరగతిలో చెప్పినది మొదలు పిల్లలకు మఱియొక ధ్యాస లేకపోయెను.

కాని పాత యంత్రముతో ఆ కోరిక తీఱలేదు. దాని పద్ధతి సులభమైనది. పట్టాలలోనికి సున్న మొదలు 12 వోల్టులవఱకు ఏకముఖ విద్యుత్తును పంపును. వోల్టులు హెచ్చినచో వేగము హెచ్చును; ధ్రువములను తాఱుమాఱు చేసినచో బండి వెనుకకు నడచును. అయితే పట్టాలలోని విద్యుత్తు వానిపైనున్న ప్రతి యింజనుకును సమానమే గదా! ఒకదానిని నిలుపబోయిన రెండవదియు నిలిచెను. రెంటిని కదలించిన రెండును ఒకే దిక్కునకు పరుగెత్తెనే గాని ఎదురెదురుగా రమ్మన్న రానేరవయ్యెను. పట్టాలను ముక్కలుగా విడదీసి, ముక్కకొక స్విచ్చి పెట్టి నడపు పద్ధతి యొకటి కలదు. దానిని గూడ ప్రయత్నించితిమి. పిల్లలు బండిని చూచుట మాని స్విచ్చులను చూడసాగిరి.

అప్పుడు డిజిటల్ కమాండ్ కంట్రోల్ అను పద్ధతిని గూర్చి చదివితిని. దీనిని క్లుప్తముగా డి.సి.సి. అందురు. జర్మనీలోని లెంజ్ సంస్థ 1980ల చివర నేర్పఱచిన పద్ధతిని ఆధారముగా గొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల తొలి భాగమున దీనికి ప్రమాణములు నిర్ణయించెను. ఇందు పట్టాలకు ఎల్లప్పుడును నిండు వోల్టేజియే, మా కొలత బండ్లకు సుమారు 15 వోల్టులు, అందుచుండును. ఆ విద్యుత్తు దిక్కు సెకండునకు వేలమార్లు మాఱుచుండును. మార్పునకును మార్పునకును నడిమి కాలము 58 మైక్రోసెకండ్లైన ‘ఒకటి’ యనియు, 100 మైక్రోసెకండ్లైన ‘సున్న’ యనియు అర్థము. ఈ ఒకట్లును సున్నలును చేరి, ‘మూడవ నంబరు యింజనా, ఇంత వేగముతో ముందునకు నడువుము’ అను ఆజ్ఞ యగును. ప్రతి యింజనులోను డీకోడరు అను చిన్న పలక యుండి, తన నంబరుతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటించి, తక్కినవానిని విడిచిపెట్టును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ పిలుచునపుడు ఆ గొంతు గదిలో నందఱి చెవులను బడును. పేరుగలవాడే లేచి పలుకును. ఇదియు నంతే.

పద్ధతి తెలిసినది, యంత్రము నెన్నుకొనుట మిగిలెను. ఇందు క్రొత్తవారు తఱచుగా గమనింపని సంగతి యొకటి కలదు. పట్టాలపై నడచు భాష అందఱు తయారీదారులకును ఒక్కటియే. కావున ఒకరి డీకోడరు మఱియొకరి యంత్రపు ఆజ్ఞను వినును. కాని చేతిలో పట్టుకొను మీటపెట్టెకును ప్రధానయంత్రమునకును నడుమ నడచు భాష సంస్థకొక తీరుగా నుండును. కనుక మొదట కొనిన యంత్రమే తరువాత కొనవలసిన మీటపెట్టెలను నిర్ణయించును.

నేను చూచినవానిలో బాక్‌మన్ వారి ఈ-జీ కమాండ్ బొత్తాము నొక్కినంతనే నడుచునట్టిది. అది చిన్నపిల్లలకు మిక్కిలి సులభము. కాని డీకోడరునకు నంబరు నిచ్చుటయే గాని దానిలోని తక్కిన లెక్కలను చదివి మార్చజాలదు. ఎన్.సి.ఇ. వారి పవర్ క్యాబ్ చేతిపెట్టెలోనే సర్వమును ఇమిడ్చుకొన్నది. అది లెక్కలను చదువగలదు, మార్చగలదు. సుమారు రెండు ఆంపియర్ల విద్యుత్తు నిచ్చును. మా వంటి రెండు మూడు యింజనులకు అది చాలును. రోకో వారి జడ్21 తరగతి యంత్రములు చేతిమీటతోను ఫోనుతోను నడుచును.

నా మనస్సు విదేశీయంత్రములవైపే మొగ్గెను. పిల్లలు పాతకాగితములమ్మి, ప్రదర్శనకు టిక్కెట్లు పెట్టి కూడబెట్టిన 18,000 రూపాయలు మా నిధి. యంత్రపు వెలకు రవాణాయు సుంకమును చేరినచో ఆ నిధి యంతయు ఊడ్చుకొనిపోవును. ఐనను వార్షికోత్సవమున అతిథుల యెదుట మెఱయు యంత్రమును నిలుపవలెనను కోరిక నాలో నుండెననుట దాచను.

ఆ సమయమున తొమ్మిదవ తరగతి వెనుక బల్లపై కూర్చుండు బాలుడొకడు లేచి నిలిచెను. వానికి మార్కులు తక్కువ. ప్రగతిపత్రమున వానిని గూర్చి ‘శ్రద్ధ చాలదు’ అని నేను రెండుమార్లు వ్రాసియుంటిని. వాని తండ్రి మోటార్లకు వైండింగు చేసి జీవించువాడు.

“మాస్టారూ, అది చెడిపోతే మన ఊళ్లో ఎవరు విప్పుతారండీ?”

నాకు సమాధానము తోచలేదు. ఇంటికి పోయిన పిమ్మట గూడ ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మఱల వెదుకగా డి.సి.సి.-ఇ.ఎక్స్. అనునది కనబడెను. ఇది కొందఱు ఔత్సాహికులు వ్రాసి, అందఱికిని ఉచితముగా నిచ్చుచున్న ప్రోగ్రాము. దానిని ఆర్డ్వినో మెగా అను బోర్డులో నింపి, పైన మోటారుషీల్డు అను మఱియొక బోర్డును తగిలించినచో అదియే ప్రధానయంత్రమగును. బోర్డులు రెండును హైదరాబాదు కోఠిలో దొరకినవి. నిధిలో నాలుగవ వంతు గూడ కాలేదు. మిగిలినదానిలో రెండు డీకోడర్లు తెప్పించితిమి. యింజనులలో ఎనిమిది కాళ్ల సాకెట్లు ముందే యుండుటచే సోల్డరింగు పని తప్పెను. పాఠశాలలో విద్యార్థులు ఫోను తేరాదు. కావున ప్రధానోపాధ్యాయుల అనుమతితో సిము లేని పాత ఫోనులు రెంటిని ప్రయోగశాల కంప్యూటరుతో కలిపి, వానినే చేతిమీటలుగా వాడుకొంటిమి.

ఇక నా తప్పు చెప్పవలెను. మా మోటారుషీల్డునకు 9 వోల్టులకు మించి యిచ్చునపుడు దాని వెనుకవైపునగల సన్నని రాగి అతుకును కోసివేయవలెనని సూచనలలో నున్నది. కోయనిచో ఆ వోల్టేజి క్రిందిబోర్డులోనికి గూడ దిగును. ఆ పంక్తిని ఆ బాలుడే నాకు చూపెను. వార్షికోత్సవమునకు ఐదు దినములే గడువు. “అంతమాత్రమున కేమియు కాదులే” అని త్రోసివేసి, 15 వోల్టుల అడాప్టరును తగిలించితిని. కొంతసేపటికి కాలినవాసన వచ్చెను. తండ్రి దుకాణమున ఆ వాసన నెఱిగినవాడగుటచే వాడు నాకంటె ముందు పసిగట్టి ప్లగ్గు లాగివేసెను. ఐనను బోర్డు మాడిపోయెను. వాడు నన్ను చూచి ఏమియు ననలేదు. ఏమైన ననియుండినచో నాకు సులువుగా నుండెడిది.

శిక్షణకళాశాలలో ప్రశ్నలు వేయు విధానమును గూర్చి నేను పుటలకొలది వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను. పిల్లవాడు వేసిన ప్రశ్నను వినుట మాత్రము ఇంత వయస్సు వచ్చినను నాకు పట్టుబడలేదని ఆ రాత్రి తెలిసినది. మఱునాడు తరగతిలో, తప్పు నాదేయనియు, వాడు ముందే హెచ్చరించెననియు అందఱి యెదుటను చెప్పితిని. క్రొత్తబోర్డును నా జీతముతో కొని, అతుకు కోయు పనిని వానికే యప్పగించితిని.

అటుపిమ్మట ఆ చెక్క వాని రాజ్యమే యయ్యెను. బండి దూరపు వంపున నెమ్మదించుచుండగా, విద్యుత్తు ఒక్కచోటనే పట్టాలకు తగులుటయే కారణమని కనిపెట్టి, చెక్క క్రింద మందమైన రాగితీగెలు రెండు పఱచి, మూరకొకచోట పట్టాలకు కలిపెను. రూపాయి నాణెమును రెండు పట్టాలపై అడ్డముగా నుంచి, యంత్రము వెంటనే విద్యుత్తును ఆపివేయుచున్నదో లేదో అడుగడుగునకు పరీక్షించెను. ఆపనిచో, బండి పట్టా తప్పిన దినమున తీగెయో డీకోడరో కాలును. డీకోడరులో సి.వి.లు అను లెక్కల గళ్లు కలవు. రెండవ గడి బండి కదలు తొలి వోల్టేజిని, మూడవది వేగమందుకొను తీరును, నాలుగవది నెమ్మదించు తీరును నిర్ణయించును. వాడు ఆ మూటిని మార్చి మార్చి చూచి, నిజమైన బండి స్టేషనులోనికి వచ్చినట్లు మా బండి నిలుచునట్లు చేసెను. ఈ గళ్లు చదువలేని యంత్రమును కొనియుండినచో వానికి చేయదగిన పనియే లేకపోయెడిది.

వార్షికోత్సవ దినమున ఒక బాలికయు వాడును చెఱియొక ఫోను పట్టుకొని నిలిచిరి. మొదటి బండి వచ్చి లూపులైనులో నిలిచెను. రెండవది ఎదురుగా వచ్చి దాని ప్రక్కనుండి సాగిపోయెను. పిమ్మట మొదటిది కదలెను. జరిగినదంతయు ఒక నిమిషమునకు మించదు. జనము చప్పట్లు చఱచిరి. వెనుకవరుసలో చేతుల నూనెమరకలతోనే వచ్చిన యొక మనుష్యుడు మాత్రము చప్పట్లు కొట్టక, వంగి చెక్క క్రిందనున్న తీగెల యతుకులను పరికించుచుండెను. వాడెవరో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

తలిదండ్రులకొక మనవి. ఇంటిలో పసిపిల్లలు ఆడుకొనుటకైనచో సిద్ధముగా దొరకు చిన్నయంత్రమే మేలు. బోర్డులతో తంటాలు పడవలదు. పదునాలుగు పదునైదేండ్ల పిల్లలకైనచో మూడు ప్రశ్నలు వేసికొనుడు: డీకోడరు లెక్కలను ఇది చదివి మార్చునా? ఇంకొక మీటను చేర్చవలసినపుడు ఎవరియొద్ద కొనవలెను? చెడినపుడు ఎవరు విప్పుదురు? ఎన్ని వందల యింజనులను నడుపగలదను ప్రశ్నను కడపటికి వదలవచ్చును; మన కుండునవి రెండే గదా!

ఈ యేడు ప్రగతిపత్రమున ఆ బాలుని పేరిట ‘శ్రద్ధ చాలదు’ అని నేను వ్రాయలేదు. వాని మార్కులు పెద్దగా పెరుగలేదనుటయు నిజమే. కాలిపోయిన బోర్డు నా బల్లసొరుగులోనే యున్నది. పిల్లలెవరైన ఏదైన చెప్పవచ్చి, నాకు తొందరగా నున్నపుడు, ఆ సొరుగు నొకమాఱు తెఱచి చూచుకొందును.